ఫెల్ట్ పుట్టగొడుగు గట్టిపడటం లేదా? సూదిని అనుమానించే ముందు ఉన్నిని పరీక్షించండి

ఎర్ర గొడుగు, దాని మీద తెల్ల చుక్కలు, కింద లావుపాటి తెల్ల కాడ. నీడిల్ ఫెల్టింగ్, అంటే అంచుల్లో గాట్లున్న సూదితో ఉన్నిని పొడిచి పొడిచి గట్టి బొమ్మగా చేయడం, మొదలుపెట్టినవాళ్లలో చాలామంది తొలి రోజుల్లోనే ఈ బొమ్మకు వచ్చేస్తారు. అసలుది అమానిటా మస్కేరియా అనే విషపు పుట్టగొడుగు. చలిదేశాల అడవుల్లో బర్చ్, పైన్ చెట్ల కింద ఆకులు రాలే కాలంలో మొలుస్తుంది. జర్మనీలో దీన్ని అదృష్టానికి గుర్తుగా కొత్త సంవత్సరం కార్డుల మీద కూడా వేస్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు సెప్టెంబర్ వచ్చిందంటే ఫాల్ అలంకరణ కోసం వీటిని, ఉన్నితో ఓక్ కాయల్ని, ఎండుటాకుల దండల్ని చేస్తుంటారు. ఇక్కడ హైదరాబాద్‌లో, వైజాగ్‌లో కూడా పిల్లల గదుల కోసం చేసేవాళ్లు బాగానే ఉన్నారు. అందరూ అడిగేది మాత్రం ఒకటే మాట: "ఎంత పొడిచినా మెత్తగానే ఉంటోంది, ఏం చేయాలి?"

సూది ఎలా పట్టుకోవాలో, కింద స్పాంజ్ ఎందుకు పెట్టాలో మీకు తెలుసనే అనుకుని నేరుగా విషయంలోకి వస్తున్నాను.

గొడుగు గట్టిపడటం లేదు, స్పాంజ్‌లా నొక్కుకుపోతోంది

ముందు మామూలు కారణాలు చూసుకోండి, ఇవి నిమిషంలో తేలిపోతాయి.

మొదటిది, ఉన్నిని వదులుగా చుట్టడం. మొదట్లోనే వేళ్లతో బిగించి చుట్టుకుంటే సగం పని అక్కడే అయిపోతుంది. వదులుగా చుట్టి, ఆ తర్వాత సూదితోనే బిగిద్దాం అనుకుంటే గంటలు పడుతుంది. రెండోది, పైపైన పొడవడం. గొడుగు మధ్యభాగం గట్టిపడాలంటే సూది మధ్యదాకా దిగాలి. మీద అర అంగుళం గట్టిగా, లోపల గుల్లగా ఉన్న గొడుగులు చాలా చూశాను. బొటనవేలితో నొక్కితే ఇట్టే తెలిసిపోతుంది. మూడోది సూది నంబర్. నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, కాబట్టి ఆకారం తెచ్చుకునేటప్పుడు 36 గానీ 38 గానీ వాడి, నునుపు చేసేటప్పుడు 40, 42 తీసుకోండి. కిట్‌లో వచ్చిన ఒక్క 42 సూదితో మొదటి నుంచి చివరిదాకా చేసేవాళ్లకు చేతినొప్పి తప్ప ఏం మిగలదు. ఎన్నో బొమ్మలు చేసిన పాత సూది అయితే దాని అంచుల్లో ఉండే చిన్న చిన్న గాట్లు అరిగిపోయి ఉంటాయి. కొత్తది మార్చి చూడండి.

ఈ మూడూ సరిగ్గానే ఉన్నా గొడుగు మెత్తగానే ఉందంటే, ఇక చేతినీ సూదినీ వదిలేసి ఉన్ని వైపు చూడాలి. ఇక్కడే అందరూ ఒక పరీక్ష ఎగ్గొట్టేస్తారు, దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు ఇది ఉన్నేనా?

మన దగ్గర ఫ్యాన్సీ షాపుల్లో "ఉలెన్" అని అడిగితే ఇచ్చే దారపు ఉండల్లో ఎక్కువభాగం యాక్రిలిక్ అనే కృత్రిమ దారం. అందరూ దాన్ని ఉలెన్ అనే పిలుస్తారు కాబట్టి అడిగినవాళ్లదీ తప్పు కాదు, ఇచ్చినవాళ్లదీ తప్పు కాదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే రంగురంగుల ఫెల్టింగ్ కిట్లలోనూ కొన్నిసార్లు అదే వస్తుంది. చిటికెడు పోగులు తీసి, పట్టకారుతో పట్టుకుని, సింక్ మీదో స్టీల్ పళ్లెం మీదో కాల్చండి, పిల్లలు దగ్గర లేనప్పుడు. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి పొడి వేళ్లమధ్య నలిగిపోతుంది. యాక్రిలిక్ అయితే కరుగుతూ మండుతుంది, చల్లారాక గట్టి నల్ల పూసలా మిగులుతుంది, అది నలగదు. యాక్రిలిక్‌ని సూదితో కొంతవరకు దగ్గరికి లాగొచ్చు, సబ్బునీళ్లతో చేసే ఫెల్టింగ్‌కి మాత్రం అసలు పనికిరాదు. దాంతో గొడుగు చేయకండి.

ఈ కాల్చే పరీక్ష చాలామందికి తెలుసు. చేస్తారు కూడా. వెంట్రుక వాసన వచ్చింది, అసలైన ఉన్నే అని నిశ్చింతగా కూర్చుంటారు. గొడుగు మాత్రం గట్టిపడదు. నేను వివరంగా చెప్పాలనుకున్నది ఈ సందర్భం గురించే.

అసలు దొంగ: సూపర్‌వాష్ ఉన్ని

ఈ ఉన్ని అన్ని పరీక్షలూ పాసవుతుంది. కాలిస్తే వెంట్రుక వాసన వస్తుంది, ప్యాకెట్ మీద నూటికి నూరు శాతం మెరినో (ఆ జాతి గొర్రెల సన్నటి ఉన్ని) అని ఉంటుంది, అది అబద్ధం కూడా కాదు. ముట్టుకుంటే పట్టులా జారుతుంది. అయినా ఫెల్ట్ అవ్వదు. ఎందుకంటే అది ఫెల్ట్ కాకుండా ఉండాలనే దాన్ని అలా తయారుచేశారు.

ఉన్ని పోగు మీద కంటికి కనపడనంత సన్నటి పొలుసులు ఉంటాయి, అన్నీ ఒకే వైపుకి, పోగు కొస వైపుకి వాలి ఉంటాయి. అందుకే పోగు ఒక దిక్కుకి సులువుగా జారుతుంది, రెండో దిక్కుకి పట్టుకుంటుంది. వేడినీళ్లు, సబ్బు, రాపిడి తగిలినప్పుడు పోగులన్నీ ఒకదాంట్లోకి ఒకటి పాకుతూ పోయి, వెనక్కి రాలేక చిక్కుపడిపోతాయి. ఫెల్ట్ అంటే అంతే. కశ్మీర్‌లో నమ్దా తివాచీలు నేయకుండా, నీళ్లు, సబ్బు, రాపిడితోనే చేయగలుగుతున్నారంటే కారణం ఇదే. ఉన్ని స్వెట్టర్‌ని వాషింగ్ మెషీన్‌లో వేస్తే పిల్లల సైజుకి కుంచించుకుపోవడానికీ కారణం ఇదే. ఆ స్వెట్టర్ బాధ తప్పించడానికి మిల్లుల్లో ఉన్నికి క్లోరిన్ పట్టించి పొలుసుల అంచుల్ని అరగదీసి, పైన సన్నటి రెజిన్ పూత వేస్తారు. క్లోరిన్ హెర్కోసెట్ అనే పద్ధతి ఇలాంటిదే. అలా చేసిన ఉన్నినే సూపర్‌వాష్ అంటారు. దాంతో అల్లిన బట్టల్ని మెషీన్‌లో ఉతుక్కోవచ్చు, అల్లికలవాళ్లకి అది వరం. మనకి మాత్రం పొలుసు పట్టు పోయింది కాబట్టి, సూది గాట్లు పోగుని లోపలికి లాక్కెళ్తాయి, అక్కడ దాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు, మెల్లగా బయటికి జారిపోతుంది.

దీన్ని గుర్తుపట్టడానికి రెండు ఆనవాళ్లు చెబుతాను. ఒకటి, రాత్రి పడుకునే ముందు గట్టిగానే అనిపించిన గొడుగు తెల్లారేసరికి కాస్త పొంగి మళ్లీ మెత్తగా ఉంటుంది, మీద నూగు లేచి ఉంటుంది. రెండోది ఇంకా స్పష్టంగా ఉంటుంది: తెల్ల కాడ చక్కగా గట్టిపడుతుంది, ఎర్ర గొడుగు మాత్రం మొండికేస్తుంది. చేయి అదే, సూది అదే, స్పాంజ్ అదే, మారింది ఉన్ని ఒక్కటే. ఇంత కళ్లముందు కనపడుతున్నా, "గొడుగు ఆకారం కష్టం కదా, అందుకే అవ్వట్లేదేమో" అని ఇంకో రెండు గంటలు పొడుస్తూ కూర్చుంటారు. ఆకారం కష్టమైతే ఆకారం చెడుతుంది, మెత్తగా ఎందుకు ఉంటుంది?

ఎర్ర ఉన్నిలోనే ఇది ఎక్కువగా ఎందుకు తగులుతుందంటే, దానికీ కారణం ఉంది. సూపర్‌వాష్ చేసిన ఉన్ని రంగుని త్వరగా, లోతుగా తాగుతుంది. మామూలు మెరినోకి అదే రంగు వేస్తే కొంచెం మెరుపు తక్కువగా కనిపిస్తుంది, సూపర్‌వాష్ మీద నిగనిగలాడుతుంది. అందుకే చేత్తో రంగులేసి అమ్మేవాళ్లు చాలామంది దాన్నే తీసుకుంటారు, వాళ్ల ఖాతాదారులు అల్లేవాళ్లూ, నూలు వడికేవాళ్లూ కాబట్టి వాళ్లకి అది సరైనదే. మనం ఫోటోలో అన్నిటికంటే మెరిసే ఎరుపుని ఎంచుకుంటాం. పెద్ద ప్యాకెట్‌ని విప్పి 10 గ్రాములు, 20 గ్రాములుగా చిన్న కవర్లలో మళ్లీ కట్టి అమ్మేటప్పుడు సూపర్‌వాష్ అన్న మాట ఆ కవర్ మీదకి రాదు. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర తెప్పించిన అలాంటి ఎరుపుతో చేసిన దండల ఆర్డర్ నా చేతికి తిరిగొచ్చింది, నెల తిరక్కుండా గొడుగులన్నీ నూగు లేచిపోయాయని. అడిగితే "మెరినోనే మేడమ్, కాల్చి చూసుకోండి" అన్నారు. కాల్చి చూస్తే ఏం తెలుస్తుంది? అప్పటి నుంచి ఏ ఉన్ని ఇంటికొచ్చినా కింద చెప్పిన పరీక్ష అయ్యాకే డబ్బాలోకి వెళ్తోంది.

మెరిసే ఎరుపంతా సూపర్‌వాష్ కాదు, మామూలు మెరినోలోనూ మంచి ఎరుపులు ఉంటాయి. లేబుల్ ఉంటే చదవండి: సూపర్‌వాష్, మెషీన్ వాషబుల్, ష్రింక్ రెసిస్టెంట్, ఈజీ కేర్, ఈ నాలుగింట్లో ఏది కనపడినా పక్కన పెట్టేయండి. అల్లగా మిగిలిన దారాన్ని విప్పి వాడేవాళ్లు మరీ జాగ్రత్త, సాక్సుల కోసం చేసే దారం చాలావరకు సూపర్‌వాషే, పైగా అందులో నైలాన్ కూడా కలిపి ఉంటుంది.

పది నిమిషాల పరీక్ష

అనుమానం ఉన్న ఉన్ని చిటికెడు, బాగా ఫెల్ట్ అవుతుందని మీకు ముందే తెలిసిన ఉన్ని చిటికెడు తీసుకోండి. రెండూ ఒకే పరిమాణంలో ఉండాలి. విడివిడిగా గుండ్రంగా చుట్టి, చేయి భరించగలిగినంత వేడి నీళ్లలో ముంచి, ఒక చుక్క అంట్ల సబ్బు లిక్విడ్ వేసి, రెండు అరచేతుల మధ్య లడ్డూ చుట్టినట్టు తిప్పండి. మొదట మెల్లగా, తర్వాత కొంచెం నొక్కి. అయిదు నిమిషాలు ఒకటి, అయిదు నిమిషాలు ఇంకొకటి. మంచి ఉన్ని కుంచించుకుపోతూ గట్టి గోళీ అవుతుంది. సూపర్‌వాష్ అయితే తడిగుడ్డ ముద్దలా వేలాడుతుంది, పక్కనుంచి లాగితే పోగు పోగుగా వచ్చేస్తుంది. పోల్చడానికి రెండో ఉండ తప్పనిసరి, లేకపోతే "కొంచెం గట్టిపడినట్టే ఉంది" అని మనసు సర్దిచెప్పేస్తుంది.

ఈ పరీక్ష గొడుగు మొదలుపెట్టకముందే చేయాలి. పది నిమిషాల పని కోసం సోమరితనం చూపించి, మూడు సాయంత్రాలు పోగొట్టుకునేవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది.

సూపర్‌వాష్ అని తేలింది, ఇప్పుడేం చేయాలి

పారేయక్కర్లేదు. పొలుసులు తిరిగి రావు, మరిగే నీళ్లలో వేసినా, వెనిగర్ పోసినా లాభం లేదు, ఆ ప్రయత్నాలు మానేయండి. దాన్ని పైతొడుగుగా వాడుకోవచ్చు.

గొడుగు లోపలి భాగాన్ని మామూలు ఉన్నితో పూర్తిగా గట్టిగా చేసుకోండి. రంగు ఏదైనా ఫర్వాలేదు, తెలుపు కంటే లేత ఎరుపో నారింజో అయితే సందుల్లోంచి కనపడినా తేడా తెలియదు. దానిమీద సూపర్‌వాష్ ఎరుపుని చాలా పల్చగా, అడుగు రంగు లీలగా కనపడేంత పల్చగా పరిచి, 38 సూదితో లోతుగా పొడవండి. పోగు కొసలు లోపలి మంచి ఉన్నిలోకి దిగి అక్కడ ఇరుక్కుంటాయి. ఇంకో పొర కావాలంటే ఇది పూర్తయ్యాకే. మందంగా ఒకేసారి పరిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. ఇంకో దారి, సూపర్‌వాష్‌ని, అదే రంగు మామూలు ఉన్నిని సమానంగా తీసుకుని కుక్కల బొచ్చు దువ్వే రెండు బ్రష్షుల మధ్య బాగా దువ్వి కలిపేయడం. మెరుపు కొంచెం తగ్గుతుంది, పట్టు వస్తుంది.

ఇప్పటికే మొత్తం సూపర్‌వాష్‌తో గొడుగు చేసేసి ఉంటే, విప్పకండి. మామూలు ఎర్ర ఉన్నిని పల్చటి పొరగా అన్ని వైపులా బిగించి చుట్టి, 36 సూదితో మధ్యదాకా దిగేలా, అన్ని కోణాల నుంచీ పొడుచుకుంటూ రండి. పై పోగులు లోపలికి దిగి మెత్తటి ముద్దని కట్టేసినట్టు పట్టుకుంటాయి. గొడుగు కొంచెం చిన్నదవుతుంది, కాడని దానికి తగ్గట్టు సన్నం చేసుకోండి.

లోపలి భాగానికి ఏ ఉన్ని మంచిదంటే, సన్నటి మెరినో కంటే కొంచెం ముతక ఉన్ని, అదీ దువ్వి పరుపులా ఉన్నది. మెరినో టాప్స్‌లో పోగులన్నీ ఒకే దిక్కున పొడుగ్గా ఉంటాయి, అవి చిక్కుపడటానికి టైం పడుతుంది. తెలంగాణలో గొంగళ్లు నేసే దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని దొరికితే, చెట్టు బెరడుకీ, పుట్టగొడుగు కింద అడవి నేలకీ బాగుంటుంది. గొడుగు లోపల మాత్రం పెట్టకండి, ఆ ముతక నల్ల పోగులు ఎర్ర పొరని దాటి బయటికి వస్తూనే ఉంటాయి.

తెల్ల చుక్కలు గులాబీ రంగులోకి మారుతున్నాయి

సూది తెల్ల ఉన్నిని లోపలికి తోయడంతో పాటు చుట్టూ ఉన్న ఎర్ర పోగుల్ని కూడా కదిలిస్తుంది. చుక్కల్ని అన్నిటికంటే చివర్లో పెట్టండి, 40 లేదా 42 సూదితో, అంచుల్ని లోతుగా, మధ్యని పైపైన. నిజమైన అమానిటాలో ఆ చుక్కలు, పుట్టగొడుగు మొలిచేటప్పుడు దాన్ని మొత్తంగా కప్పి ఉంచిన పొర చిరిగి మిగిలిన ముక్కలు. అందుకే అవి ఉబ్బెత్తుగా, ఒకటి చిన్నది ఒకటి పెద్దది, అంచులు సరిగ్గా లేకుండా ఉంటాయి. చదునైన గుండ్రటి చుక్కల కోసం పొడిచి పొడిచి లోపలికి దించేయడం వల్లే గులాబీ వస్తోంది. ఉబ్బెత్తుగా వదిలేస్తే అందానికి అందం, రంగూ నిలుస్తుంది.

సబ్బునీళ్లతో చేసేవాళ్లకి గులాబీ రంగు వస్తే అది రంగు దిగడం. ఎర్ర ఉన్నిని ముందే విడిగా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి చూడండి, నీళ్లకి రంగు వస్తుంటే తేటగా అయ్యేదాకా మార్చండి.

గొడుగు కాడ నుంచి ఊడిపోతోంది

రెండూ పూర్తిగా గట్టిపడ్డాక అతికించడానికి చూస్తున్నారు, అదే కారణం. కాడ పై కొసన రెండు సెంటీమీటర్ల మేర పోగుల్ని పొడవకుండా కుచ్చులా వదిలేయండి. గొడుగు అడుగుభాగం కొంచెం మెత్తగా ఉండగానే ఆ కుచ్చుని విప్పి, చుట్టూ పరిచి, లోతుగా పొడవండి. ఆ తర్వాతే అడుగున మడతల గీతలు గీసుకోండి, అవి అతుకుని కప్పేస్తాయి. గమ్‌తో అతికించకండి, గమ్ ఎండిన చోట సూది దిగదు, ఇక రిపేర్ ఉండదు.

సూది విరుగుతోంది

ఏ కోణంలో దించారో అదే కోణంలో బయటికి తీయాలి. లోపల ఉండగా మెలితిప్పితే విరుగుతుంది, నంబర్ ఏదైనా సరే. విరిగిన ముక్క లోపల ఉండిపోతే బలమైన అయస్కాంతంతో వెతకండి. దొరకకపోతే ఆ బొమ్మని పిల్లల చేతికి ఇవ్వకండి, ఎవరికీ అమ్మకండి.

మీద నూగు లేస్తోంది

సూపర్‌వాష్ కాదని తేల్చుకున్నారు కదా, అయితే సన్న సూదిని ఏటవాలుగా, పైపైన, ఓపిగ్గా ఆడించండి. మిగిలిన నూగుని చిన్న కత్తెరతో కత్తిరించేయండి.

ఓక్ కాయ టోపీలోంచి ఉన్ని ఉండ రాలిపోతోంది

ఇది విదేశాల్లో ఉన్నవాళ్ల సమస్య, అక్కడ ఓక్ టోపీలు పార్కుల్లో ఏరుకోవచ్చు కాబట్టి. పచ్చిగా ఉన్నప్పుడే అతికించేస్తారు, ఎండాక టోపీ కుంచించుకుని ఉండ బయటికి వచ్చేస్తుంది. టోపీల్ని కడిగి, ఆరబెట్టి, ఓవెన్‌లో సుమారు 90 డిగ్రీల సెల్సియస్‌లో గంటసేపు ఉంచండి, పక్కనే ఉండి చూసుకుంటూ. తేమ పోతుంది, లోపల పురుగులుంటే చస్తాయి. ఉన్ని ఉండ టోపీ నోటికంటే కొంచెం పెద్దదిగా ఉండి, నొక్కితే గట్టిగా పట్టాలి, గమ్ ఆ తర్వాతే.

ఆకులు వంకర తిరుగుతున్నాయి

ఒకే వైపు పొడుస్తున్నారు. తరచూ స్పాంజ్ నుంచి ఊడదీసి తిప్పండి. ఒక వైపే వదిలేస్తే స్పాంజ్‌కి అతుక్కుపోవడం కూడా ఖాయం. కొంచెం వంకర ఉన్నా ఎండుటాకే కదా, బాగానే ఉంటుంది. దుకాణంలో కొన్న ఫెల్ట్ షీట్‌తో ఆకులు కత్తిరించేవాళ్లు ఇస్త్రీ పెట్టేముందు ఓ మూల కాల్చి చూసుకోండి, అవి ఎక్కువగా యాక్రిలిక్ లేదా పాలియెస్టర్, ఇస్త్రీ వేడికి కరిగిపోతాయి.

వర్షాకాలం అయ్యాక బొమ్మల్లో చిల్లులు

ఉన్ని తినే పురుగు. బొమ్మని జిప్ కవర్‌లో పెట్టి, గాలి తీసేసి, డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచండి, బయటికి తీశాక కవర్ విప్పకుండా గది వేడికి వచ్చేదాకా ఆగండి. చిల్లుల్ని అదే రంగు ఉన్నితో పూడ్చేయొచ్చు. కొత్త ఉన్ని ప్యాకెట్ల విషయంలోనూ అలమారాలో పెట్టే ముందు ఇలాగే చేయడం మంచిది.

ఇక బోరు నీళ్ల వల్ల ఫెల్ట్ అవ్వట్లేదని, ఉన్ని పాతబడిందని, గాలిలో తేమ ఎక్కువైందని అడిగేవాళ్లూ ఉన్నారు. ఉప్పునీళ్లలో సబ్బు నురగ తక్కువ వస్తుంది, ఇంకొంచెం సబ్బు వేయండి, అంతే. పురుగు పట్టకుండా దాచిన పాత ఉన్ని కొత్తదానిలాగే పనిచేస్తుంది. తేమ సంగతి పట్టించుకోనక్కర్లేదు.